పర్ఫార్మెన్స్ కార్లలో బ్రేకు పొడిని తగ్గించుకోవడం ఎలా

గోల్ఫ్ జీటీఐ, ఆక్టేవియా ఆర్‌ఎస్, బీఎండబ్ల్యూ ఎం340ఐ వంటి శక్తివంతమైన కార్లు కొన్నవారు షోరూమ్‌కు తీసుకువెళ్లే తొలి ఫిర్యాదుల్లో ముందు చక్రాల మీద పేరుకునే నల్లటి పొడి ఒకటి. ఎంత కడిగినా వారం తిరిగేసరికి చక్రం మళ్లీ మసిబారుతుంది. వేలితో రాస్తే అంటుకున్న నలుపు గోటి సందుల్లోంచి సబ్బు పెట్టినా ఓ పట్టాన వదలదు. హన్మకొండలో ఇంటి ముందు రోజూ నీళ్లు చల్లి కారు తుడిపించేవారికి కూడా ఈ మసి మీద పట్టు దొరకదు.

చాలామంది దీనికి విరుగుడును చక్రం పైనుంచి మొదలుపెడతారు. ముందు ఖరీదైన క్లీనర్ కొంటారు, తర్వాత కోటింగ్ వేయిస్తారు, ఆ తర్వాత ఎప్పుడో బ్రేకు ప్యాడ్ల సంగతి, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కును నొక్కి ఆపే దిమ్మల సంగతి ఆలోచిస్తారు. ఈ వరుస తిరగబడాలని నా అభిప్రాయం. ముందు బ్రేకు సవ్యంగా ఉందో లేదో చూసుకోవాలి, తర్వాత నడిపే తీరును, ఆ తర్వాత ప్యాడ్‌ను పట్టించుకోవాలి, చక్రం మీది పూత వంతు అన్నిటికీ చివర రావాలి. ఇనుప డిస్కు ఉన్న ఏ కారులోనూ ఈ పొడిని పూర్తిగా లేకుండా చేయలేము. కానీ కారు ఆగే శక్తిని ఏమాత్రం తగ్గించుకోకుండానే దీన్ని చాలావరకు అదుపులో పెట్టవచ్చు.

పొడి ఎక్కడి నుంచి వస్తుంది

బ్రేకు చేసే పని కారు వేగంలోని శక్తిని వేడిగా మార్చి గాలిలోకి వదలడం. 1700 కిలోల బరువున్న కారు 80 కి.మీ. వేగం నుంచి పూర్తిగా ఆగాలంటే సుమారు 420 కిలోజౌళ్ల శక్తిని వదిలించుకోవాలి. అదే కారు 100 కి.మీ. వేగం నుంచి ఆగాలంటే ఆ లెక్క 650 కిలోజౌళ్లు దాటుతుంది. వేగం పెరిగింది నాలుగో వంతే అయినా బ్రేకు మీద పడే భారం సగానికి పైగా పెరిగింది. శక్తివంతమైన కారు ఎక్కువ వేగాన్ని తక్కువ సమయంలో అందుకుంటుంది కాబట్టి, దాన్ని అంతే తరచుగా వదిలించుకోవలసి వస్తుంది. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది గనుక పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాలదే. అందుకే ముందు చక్రాలు వెనకవాటికంటే త్వరగా నల్లబడతాయి.

పొడి అంతా ప్యాడ్ నుంచే రాలుతుందని అనుకోవడం సరికాదు. అందులో గణనీయమైన భాగం డిస్కు నుంచి, అంటే పోత ఇనుము నుంచి వస్తుంది. యూరప్ కంపెనీలు తమ కార్లకు ఫ్యాక్టరీలో అమర్చే ప్యాడ్లు చాలావరకు లో-మెటాలిక్ (లోహం పాలు తక్కువగా ఉండే) రకానివి. ఉక్కు పీచు, రాపిడి పొడులు కలిసిన ఈ ప్యాడ్ డిస్కును గీకుతూ పట్టుకుంటుంది. జర్మనీ ఆటోబాన్ మీద 200 కి.మీ. దాటిన వేగంలో కూడా, డిస్కు బాగా వేడెక్కాక కూడా పట్టు సడలకూడదన్న అవసరం నుంచి పుట్టిన మిశ్రమమది. అమెరికా, జపాన్ మార్కెట్లలో ఎక్కువగా వాడే సేంద్రియ, సిరామిక్ రకం ప్యాడ్లలో ఉక్కు ఉండదు. అవి ముందు డిస్కు మీద తమ పదార్థంతోనే పలుచని పొర పరచి, పలక మీద బలపం గీత పరచుకున్నట్టు, ఆ తర్వాత ఆ పొర మీదనే పనిచేస్తాయి. డిస్కు తక్కువ అరుగుతుంది, రాలే పొడి కూడా తక్కువ, పైగా లేత బూడిద రంగులో ఉంటుంది కనుక కంటికి అంతగా ఆనదు.

ఈ పొడి చక్రాన్ని పాడుచేసే తీరు మామూలు దుమ్ముకు భిన్నంగా ఉంటుంది. డిస్కు నుంచి ఎగిరే ఇనుప రజను బాగా వేడిగా ఉండి, చక్రం మీది క్లియర్ కోట్‌లో దిగబడుతుంది. వర్షాకాలంలో తడి తగిలితే ఆ రేణువులు తుప్పుపట్టి, నారింజ రంగు చుక్కలుగా మారి, పూతను లోపలి నుంచి తింటాయి. పొడి ఊపిరితిత్తులకూ మంచిది కాదు. యూరోపియన్ యూనియన్ యూరో 7 నిబంధనల్లో బ్రేకుల నుంచి వచ్చే కణాలకు తొలిసారి పరిమితి పెట్టింది: 2026 నవంబరు నుంచి వచ్చే కొత్త మోడళ్లలో పెట్రోలు, డీజిల్, హైబ్రిడ్ కార్లకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు, ఎలక్ట్రిక్ కార్లకు 3 మిల్లీగ్రాములు. ఎలక్ట్రిక్ కారులో వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేస్తుంది గనుక అక్కడ హద్దును అంత తక్కువగా పెట్టగలిగారు.

ముందు చేయవలసిన పరీక్ష

ఉత్తర తెలంగాణలో చక్రం మీద కనిపించే నలుపంతా బ్రేకుదే అనుకోలేము. గోదావరిఖని, మంచిర్యాల, భూపాలపల్లి వైపు తిరిగే కార్లకు బొగ్గు పొడి అంటుతుంది. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ లారీలు నడిచే రోడ్లలో బూడిద రంగు రాతి పిండి, ఊళ్లలోకి దిగితే మొరం దుమ్ము ఉండనే ఉంటాయి. తేడా కనుక్కోవడానికి తేలికైన మార్గం ఉంది. ఆరిన చక్రం లోపలి అంచు నుంచి మెత్తని బ్రష్‌తో కొంచెం పొడిని తెల్ల కాగితం మీదికి దులపాలి. కాగితం కింద అయస్కాంతాన్ని, పాత స్పీకర్‌లోదైనా సరే, మెల్లగా జరపాలి. బ్రేకు పొడి అయితే అందులోని ఇనుప రజను చీమల బారులా నిక్కబొడుచుకుని అయస్కాంతం వెంట కదులుతుంది. బొగ్గు, రాతి పిండి కదలకుండా మిగిలిపోతాయి. కదిలిన పొడి కొంచెమే అయితే మీ సమస్య రోడ్డుది, ప్యాడ్లు మార్చినా పెద్దగా మారదు. ఈ పని చేసేటప్పుడు ముఖానికి ఎన్95 మాస్కు ఉండాలి, పొడిని నోటితో ఊదకూడదు.

తర్వాత నాలుగు చక్రాలనూ పోల్చి చూడాలి. కారును శుభ్రంగా కడిగి, 200 కి.మీ. మామూలుగా తిప్పి, ఎడమ ముందు చక్రాన్ని కుడి ముందు చక్రంతో, ఎడమ వెనక చక్రాన్ని కుడి వెనక చక్రంతో సరిపోల్చాలి. ముందూ వెనకా తేడా ఉండటం సహజం. ఎడమా కుడీ స్పష్టమైన తేడా ఉంటే మాత్రం ఏదో ఒక క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పట్టేసి ఉండవచ్చు, అంటే పెడల్ వదిలినా ప్యాడ్ డిస్కును రాసుకుంటూనే తిరుగుతోందన్నమాట. మడికొండ నుంచి జనగామ దాకా హైవే మీద పెద్దగా బ్రేకు వేయకుండా వెళ్లి ఆపి, అరచేతిని చక్రానికి తగలనీయకుండా బెత్తెడు దూరంలో ఉంచినా ఒక వైపు సెగ తెలిసిపోతుంది. ఇన్ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే మరీ మంచిది. డిస్కును చేత్తో తాకి చూడటం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

పట్టేసిన క్యాలిపర్‌కు కారణం ఎక్కువసార్లు చిన్నదే. ఫ్లోటింగ్ రకం క్యాలిపర్ రెండు స్లైడర్ పిన్నుల మీద జరుగుతుంది. వాటి రబ్బరు తొడుగు చిరిగితే నీరు, మట్టి లోపలికి చేరి గ్రీజు గట్టిపడుతుంది. పిన్నును బయటికి లాగితే ఆ గ్రీజు పాకంలా కాక ఎండిన బంకలా పొడిపొడిగా రాలుతుంది, పిన్ను మీద తుప్పు గీతలు వేలికి తగులుతాయి. అప్పుడు పిన్నును శుభ్రం చేసి, తొడుగు మార్చి, బ్రేకుల కోసమే తయారైన సిలికాన్ గ్రీజు పలుచగా రాయాలి. షెడ్డులో చేతికందిన మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి, ఉన్న జబ్బు ఇంకా ముదురుతుంది. ప్యాడ్ చెవులు కూర్చునే చోట చేరిన తుప్పును వైరు బ్రష్‌తో తీసేయాలి. ప్యాడ్లను నెట్టే పిస్టన్లు ఎక్కువగా ఉన్న ఫిక్స్‌డ్ క్యాలిపర్లలో స్లైడర్లు ఉండవు, అక్కడ ప్యాడ్లను పట్టి ఉంచే పిన్నులనూ పిస్టన్ల కదలికనూ చూడాలి. పిస్టన్ పట్టేసిందంటే అది అనుభవమున్న మెకానిక్ పని. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీలుస్తుంది, ఆ తేమే పిస్టన్‌కు తుప్పు తెస్తుంది కాబట్టి, కారు ఎంత తక్కువ తిరిగినా రెండేళ్లకోసారి మార్పించాలి.

ఒక క్యాలిపర్ సవరించుకున్నాక చక్రం మసి సగానికి సగం తగ్గి, ఇక కొత్త ప్యాడ్లు అక్కరలేదనిపించిన సందర్భాలు ఉంటాయి. అందుకే దీన్ని మొదటి మెట్టు అంటున్నాను.

పెడల్ మీద పాదం

నడిపే తీరు గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే ఇది చదివి వచ్చేది కాదు. చూపు దూరంగా ఉంటే బ్రేకు అవసరం తగ్గుతుంది. పరకాల, ములుగు రోడ్లలో ప్రతి ఊరికీ ముందూ వెనకా స్పీడు బ్రేకర్లుంటాయని తెలిసినప్పుడు, ఊరి బోర్డు కనపడగానే యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ వెనకున్న పాడిల్‌తో ఒక గేరు దించితే వేగంలో మంచి వంతును ఇంజినే మింగేస్తుంది. వానాకాలం, యాసంగి కోతల తర్వాత రోడ్డు సగం మేర వడ్లు, మక్కలు ఆరబోస్తారు. ఆ గింజల మీద గట్టి బ్రేకు వేస్తే చక్రం జారుతుంది కాబట్టి అక్కడ వేగాన్ని ముందే తగ్గించడం మసి కోసం కన్నా ప్రాణం కోసం అవసరం.

బ్రేకు వేయవలసి వచ్చినప్పుడు దాన్ని సన్నగా చాలాసేపు నొక్కి ఉంచడం కన్నా, కొంచెం దృఢంగా నొక్కి, కావలసిన వేగానికి రాగానే వదిలేయడం మేలు. ముఖ్యంగా నిర్మల్, ఆదిలాబాద్ మధ్య మహబూబ్ ఘాట్ దిగేటప్పుడు పాదాన్ని పెడల్ మీదనే ఉంచి దిగితే ప్యాడ్‌కు చల్లారే వ్యవధి దొరకదు. ప్యాడ్‌లోని పదార్థాలను పట్టి ఉంచేది ఫినాలిక్ రెజిన్. అది సుమారు 300 డిగ్రీల వేడి దాటితే దెబ్బతినడం మొదలవుతుంది, అక్కడి నుంచి అరుగుదలతో పాటు కంటికి కనపడని అతిసన్నని కణాలూ పెరుగుతాయి. ఘాట్‌లో తక్కువ గేరే అసలైన బ్రేకు.

డ్రైవరు పాదం పెట్టకుండానే బ్రేకు వేసే వ్యవస్థలు కూడా ఈ కార్లలో ఉంటాయన్నది మరచిపోవద్దు. అడాప్టివ్ క్రూయిజ్ ముందు వాహనానికి, మనకు మధ్య దూరాన్ని కాపాడటానికి తరచూ బ్రేకు వాడుతుంది. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లలోని ఎక్స్‌డీఎస్ మలుపులో లోపలి ముందు చక్రాన్ని సన్నగా పట్టుకుంటుంది. మేడారం జాతర రోజుల్లో ములుగు దారిలా వాహనాలు ఇసుక వేస్తే రాలనంతగా ఉన్నప్పుడు క్రూయిజ్ ఆపేసి సొంత పాదంతో నడపడమే మంచిది. భద్రతా వ్యవస్థలను మాత్రం మసి తగ్గుతుందని ఆపేయకూడదు.

ప్యాడ్ ఎంపిక

ఫ్యాక్టరీ ప్యాడ్ స్థానంలో తక్కువ పొడి రాల్చే ప్యాడ్ వేయించుకోవడమే అన్నిటికన్నా ఎక్కువ తేడా చూపే మార్పు. అన్నిటికన్నా జాగ్రత్తగా తీసుకోవలసిన నిర్ణయం కూడా ఇదే. సిరామిక్ ప్యాడ్లు రోజువారీ వాడకంలో శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంటాయి కానీ, వాటిలో చాలావాటికి పెడల్ తాకగానే దొరికే తొలి పట్టు కొంచెం మెత్తగా ఉంటుంది, వరుసగా ఎక్కువ వేగం నుంచి ఆపినప్పుడు పట్టు ముందుగా సడలే అవకాశం ఉంటుంది. హన్మకొండ చౌరస్తా, నక్కలగుట్ట, కాజీపేట మధ్య తిరుగుతూ నెలకు ఒకటి రెండుసార్లు హైదరాబాద్ వెళ్లివచ్చే కారుకు ఈ తేడా దాదాపు తెలియదు. రేస్ ట్రాక్‌కు తీసుకువెళ్లే కారుకు, ఘాట్ రోడ్లలో ఉల్లాసంగా నడిపేవారికి తెలుస్తుంది. వారు ఫ్యాక్టరీ ప్యాడ్లనే ఉంచుకుని, చక్రం పూత మీద శ్రద్ధ పెట్టడం మంచిదని చెబుతాను.

కొనేటప్పుడు ప్యాకెట్ మీది రంగు బొమ్మలను పక్కన పెట్టి, ప్యాడ్ వెనక ఉండే ఇనుప పలకను గానీ ప్యాడ్ అంచును గానీ చదవాలి. యూరప్ ఆమోదం పొందిన ప్యాడ్ మీద వృత్తంలో ఇంగ్లీషు E అక్షరం, పక్కన ఒక అంకె, 90R తో మొదలయ్యే ఆమోద సంఖ్య ఉంటాయి. ఆ ప్యాడ్ పట్టు అసలు ప్యాడ్ పట్టుకు 15 శాతం అటూ ఇటూగా ఉందని పరీక్షించినట్టు దానర్థం. అమెరికా పద్ధతిలో ముద్రించే అంచు కోడ్‌లో ఎఫ్‌ఎఫ్ వంటి రెండక్షరాల జంట రాపిడి గుణకాన్ని, అంటే పట్టు ఎంతో చెబుతుంది. మొదటి అక్షరం మామూలు వేడిలో పట్టును, రెండవది ఎక్కువ వేడిలో పట్టును సూచిస్తాయి. ఇంగ్లీషు E అక్షరమైతే 0.25 నుంచి 0.35, ఎఫ్ అయితే 0.35 నుంచి 0.45, జీ అయితే 0.45 నుంచి 0.55. ఎఫ్‌ఎఫ్ కన్నా తక్కువ ఉన్న ప్యాడ్‌ను ఇలాంటి కారుకు వేయవద్దు. ఎఫ్‌ఈ వంటి కోడ్ కనపడితే వేడెక్కాక పట్టు తగ్గుతుందని ప్యాడే చెబుతున్నట్టు. ఈ రెండక్షరాలు పొడి ఎంత వస్తుందో చెప్పవు, ఆపే శక్తి సంగతి చెబుతాయి, నాకు ముందుగా కావలసింది అదే.

జపాన్ కంపెనీ అకెబోనో సిరామిక్ ప్యాడ్లు, జర్మనీకి చెందిన ఏటీఈ సిరామిక్, టెక్స్‌టార్ ఈప్యాడ్, బ్రిటన్ కంపెనీ ఈబీసీ వారి రెడ్‌స్టఫ్ తక్కువ పొడి కోసమే చేసిన శ్రేణులు. మీ కారు ఛాసిస్ నంబరుకు, డిస్కు వ్యాసానికి సరిపడే పార్టు నంబరు ఉందో లేదో ముందే నిర్ధారించుకోవాలి, ఎందుకంటే ఒకే మోడల్‌లో ఇంజినును బట్టి రెండు మూడు రకాల క్యాలిపర్లు వస్తాయి. వరంగల్ దుకాణాల్లో ఇవి చేతికందేలా దొరకడం అరుదు, హైదరాబాద్ నుంచి తెప్పించుకోవలసి ఉంటుంది. సీల్ లేని డబ్బా, అక్షరాలు చెరిగిన పలక, నమ్మలేనంత తక్కువ ధర ఉన్నచోట కొనకపోవడమే క్షేమం. నకిలీ బ్రేకు ప్యాడ్ ప్రమాదం బయటపడేది మనకు బ్రేకు అత్యవసరమైన క్షణంలోనే. వారంటీలో ఉన్న కారు అయితే ప్యాడ్ మార్పు గురించి డీలరును రాతపూర్వకంగా అడిగి ఉంచుకోవాలి.

ప్యాడ్లలోని రాగి కడిగిన నీటితో చెరువుల్లోకి చేరి జలచరాలకు హాని చేస్తుందని అమెరికాలోని కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాలు 2010లో చట్టాలు చేశాయి. ఆ ప్రకారం రాగి 0.5 శాతం కన్నా తక్కువ ఉన్న ప్యాడ్ అంచు మీద ఎన్ అక్షరం, డబ్బా మీద నిండిన మూడు ఆకుల గుర్తు ఉంటాయి. దొరికితే అవే తీసుకోవడం బాగుంటుంది.

బిగింపు, బెడ్డింగ్

కొత్త రకం ప్యాడ్‌ను పాత డిస్కు మీద అలాగే వేస్తే రెండు మిశ్రమాల పొరలు కలిసి చప్పుడు, అదురు, అతుకులు పడిన పట్టు వస్తాయి, పొడి కూడా అనుకున్నంత తగ్గదు. డిస్కు మీద ముద్రించిన కనీస మందం కన్నా ఇంకా తగినంత మిగిలి ఉంటే పై పొరను సన్న ఇసుక కాగితంతో అన్ని దిక్కులా రుద్ది, బ్రేకు క్లీనర్‌తో కడిగితే సరిపోతుంది. కనీస మందానికి దగ్గరపడితే డిస్కులను కూడా జంటగా మార్చాలి. ప్యాడ్లు ఎప్పుడూ ఒకే ఇరుసుకు రెండు వైపులా కలిపి మార్చాలి. అరుగుదల సెన్సర్ ఉన్న కార్లకు కొత్త సెన్సర్ కావాలి, ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకు ఉంటే వెనక క్యాలిపర్‌ను స్కానర్‌తో సర్వీసు స్థితిలో పెట్టాకే పిస్టన్‌ను వెనక్కి నెట్టాలి. బలవంతంగా నెడితే మోటారు పాడవుతుంది. పిస్టన్ వెనక్కి వెళ్లేటప్పుడు ఆయిలు డబ్బా పొంగి పెయింటు మీద పడకుండా చూడాలి. పని ముగిశాక కారు కదలకముందే పెడల్ గట్టిపడేవరకు నొక్కాలి. ఈ ఒక్కటి మరిచిపోతే మొదటి మలుపులో పెడల్ నేలకు తగులుతుంది. చక్రాల బోల్టులను పాన మీద నిలబడి బిగించే పద్ధతి మాన్పించి, కారు పుస్తకంలో ఇచ్చిన లెక్కకు టార్క్ రెంచితో బిగింపించుకోవాలి.

ఆ తర్వాత బెడ్డింగ్. ప్యాడ్ తన పొరను డిస్కు మీద సమంగా పరచుకోవడానికి ఇది అవసరం. తయారీదారు సూచన ఉంటే దాన్నే పాటించాలి. లేకపోతే తెల్లవారుజామున పశువులు, బళ్లు రోడ్డెక్కకముందు వెనక ఎవరూ లేని సూటి రోడ్డు చూసుకుని, 80 కి.మీ. వేగం నుంచి 20 దాకా మధ్యస్థమైన ఒత్తిడితో, ఏబీఎస్ పనిచేసేంత గట్టిగా కాకుండా, ఎనిమిది నుంచి పదిసార్లు తగ్గించాలి. మధ్యమధ్య అర నిమిషం మామూలుగా నడపాలి, పూర్తిగా ఆపకూడదు. వేడి ప్యాడ్ ఒకేచోట డిస్కును పట్టి నిలిస్తే అక్కడ దాని ముద్ర పడి, తర్వాత స్టీరింగ్ అదురుతుంది. చివర పది పన్నెండు నిమిషాలు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి చల్లార్చాలి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో మసి మామూలు కన్నా ఎక్కువే కనపడవచ్చు, దాన్ని చూసి ప్యాడ్ మీద తీర్పు ఇవ్వవద్దు.

డిస్కుల విషయంలో చెప్పవలసింది కొద్దిగానే ఉంది. గాడులు, రంధ్రాలు ఉన్న డిస్కులు అందంగా ఉన్నా గాడుల అంచులు ప్యాడ్‌ను చెక్కుతాయి కనుక పొడి పెరుగుతుంది. పోర్షే 2017లో కయెన్‌తో తెచ్చిన టంగ్‌స్టన్ కార్బైడ్ పూత డిస్కు మామూలు డిస్కుతో పోలిస్తే పొడిని 90 శాతం తగ్గిస్తుందని ఆ కంపెనీ చెప్పుకుంది. దాని క్యాలిపర్లు తెల్లగా ఉండటం ఆ ధీమాతోనే. కార్బన్ సిరామిక్ డిస్కుల్లో ఇనుము లేదు గనుక తుప్పు మరకలూ లేవు, కానీ వాటి ధరతో ఇక్కడ ఇంకో కారు వస్తుంది. చక్రానికి, డిస్కుకు మధ్య బిగించే రేకు పళ్లేలు అమ్ముతారు, అవి మసిని దాచేమాట నిజమే కానీ డిస్కుకు అందవలసిన గాలిని కూడా అడ్డుకుంటాయి. మే నెలలో 43, 44 డిగ్రీల ఎండలో వేగంగా నడిచే బరువైన కారుకు వాటిని నేను ఎన్నటికీ సూచించను.

కడగడం, పూత వేయడం

పొడి తక్కువగా ఉన్నా ఎక్కువగా ఉన్నా, దాన్ని వారానికి మించి చక్రం మీద ఉండనివ్వకూడదు. కారు ఆపి కనీసం గంటైనా గడిచి, చక్రం చేతికి చల్లగా తగిలాకే నీళ్లు పోయాలి. సెగ మీదున్న డిస్కుపై చల్లని నీళ్లు కొడితే అది వంకరపోయే ప్రమాదం ఉంది. వేసవిలో పొద్దెక్కకముందు గానీ సాయంత్రం నీడలో గానీ ఈ పని పెట్టుకోవాలి. చక్రాలకు వేరే బకెట్, వేరే బ్రష్ ఉండాలి, ఎందుకంటే బాడీ తుడిచే గుడ్డకు ఇనుప రజను అంటితే పెయింటు మీద గీతలు పడతాయి. ముందు నీళ్లతో వదులుగా ఉన్న మట్టిని దించి, కారు షాంపూ నురగతో కుచ్చు మెత్తగా ఉన్న బ్రష్‌ను స్పోక్‌ల వెనకకు, బోల్టు గుంటల్లోకి, లోపలి డొల్లలోకి పంపి రుద్దాలి. బయటి ముఖం మాత్రమే తుడిచే అలవాటు వల్ల డొల్లలో పేరుకున్న మసి వాన పడగానే కరిగి మళ్లీ ముందుకు వస్తుంది.

రెండు మూడు నెలలకోసారి, షాంపూకు లొంగని చుక్కల కోసం, పీహెచ్ న్యూట్రల్ అని రాసి ఉన్న ఐరన్ రిమూవర్ వాడాలి. ఇందులోని థయోగ్లైకోలేట్ అనే రసాయనం ఇనుముతో కలిసి రంగు మారుతుంది. పారదర్శకమైన ద్రవాన్ని చల్లిన నిమిషానికి చుక్కచుక్కగా ఊదా రంగు మొలిచి, మూడు నాలుగు నిమిషాలకు నేరేడు రసంలా ధారలు కట్టి కిందికి జారుతుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, అందుకని ఆరుబయట, చేతులకు గ్లోవ్స్ వేసుకుని చేయాలి. అది ఆరిపోతే మరక అవుతుంది కనుక ఇక్కడి ఎండకు నాలుగు చక్రాల మీద ఒకేసారి చల్లకుండా, ఒకటి ముగించి ఇంకొకటి పట్టుకోవాలి. తర్వాత డిస్కు మీద కూడా నీళ్లు ధారాళంగా పోసి మందును పూర్తిగా దించేయాలి. బోరు నీటిలో లవణాలు ఎక్కువ ఉన్న ఇళ్లలో చక్రాన్ని దానంతట అదే ఆరనివ్వకుండా మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి, లేదంటే నల్ల మసి పోయి తెల్ల మచ్చలు మిగులుతాయి.

వాటర్ సర్వీసింగ్‌కు ఇచ్చేవారు మూడు విషయాలు ముందే చెప్పి ఒప్పించుకోవాలి: యాసిడ్ కలిపిన క్లీనర్ వాడకూడదు, పాలిష్ చేసిన అల్యూమినియం మీదా అనోడైజ్డ్ క్యాలిపర్ల మీదా అది శాశ్వతమైన మచ్చ వేస్తుంది, మెరుపు కోసం అడుగు భాగానికి కొట్టే డీజిల్ స్ప్రే చక్రాల దరిదాపుల్లోకి రాకూడదు, టైరు పాలిష్‌ను స్ప్రేతో కాక స్పంజితో రాయాలి. డీజిల్, సిలికాన్ డిస్కు మీద పడితే ఆ జిడ్డును ప్యాడ్ పీల్చుకుంటుంది, అప్పుడు పెడల్ ఎంత నొక్కినా కారు జారుతూనే పోతుంది. కంప్రెసర్ గాలితో బ్రేకును ఊదడం కూడా అడ్డుకోవాలి. పాత, చవక లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నందున ఆ దుమ్ము పనివాడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా తడి గుడ్డతో తుడిపించడమే పద్ధతి.

చక్రం పూర్తిగా శుభ్రపడి ఆరాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు తీసి, వేడిని తట్టుకునే వీల్ సీలెంట్ గానీ సిరామిక్ కోటింగ్ గానీ వేయాలి. వీలైతే చక్రాలను విప్పి డొల్ల లోపల కూడా వేయడం ఉత్తమం, వేసిన తర్వాత డబ్బా మీద చెప్పినంత సేపు, సాధారణంగా ఒక రోజు, తడి తగలనివ్వకూడదు. పూత వల్ల పొడి రావడం తగ్గదు, కానీ పడిన పొడి దిగబడకుండా పైపైనే ఉండి నీటి ధారకే జారిపోతుంది.

కడగడం అయ్యాక కారును అలాగే షెడ్డులో పెట్టేయకుండా, ఒక కిలోమీటరు తిప్పుతూ నాలుగైదుసార్లు మెల్లగా బ్రేకు వేసి డిస్కులను ఆరబెట్టాలి. లేకపోతే తెల్లారేసరికి డిస్కు మీద నారింజ రంగు తుప్పు పొర కడుతుంది, మొదటి బ్రేకుకే అది గోధుమ రంగు పొడిగా రాలి కడిగిన చక్రం మీదనే పడుతుంది.

తీసేసిన ఫ్యాక్టరీ ప్యాడ్లలో సగానికి పైగా మందం మిగిలి ఉంటే వాటిని పారేయవద్దు. ఏది ఎడమ, ఏది కుడి, ఏది లోపలిది, ఏది బయటిదని పలక వెనక మార్కరుతో రాసి, నూనె తగలని చోట కాగితంలో చుట్టి దాచాలి. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేకో వెళ్లే రోజు వస్తే సిరామిక్ ప్యాడ్లు తీసి వాటినే వేయించుకోవాలి. డిస్కు పై పొరను మళ్లీ రుద్ది, బెడ్డింగ్ మొదటి నుంచి చేయాలి. తిరిగి వచ్చాక సిరామిక్‌కు మారేటప్పుడూ అదే పని.